ఎఱుకను గూర్చిన యెఱుక

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, ఉస్మాన్‌సాగర్ జలాశయమునకు చేరువలో, మొయినాబాదు మండలములోని చిలుకూరు గ్రామమందు వెలసిన బాలాజీ దేవాలయమునకు వచ్చు భక్తులలో విద్యార్థులు విశేషముగా కానవత్తురు. విదేశములలో చదువుటకై వీసా కోరువారును, పరీక్షలలో కృతార్థత కోరువారును మొదట 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొని, కోరిక యీడేరిన పిమ్మట మరల వచ్చి 108 ప్రదక్షిణములు చేసి మ్రొక్కు చెల్లించుట అచ్చటి యాచారము. ఆ 108 చేయువారి చేతులలో తఱచుగా, ఒకటి మొదలు నూటయెనిమిది వఱకు అంకెలు వరుసగా అచ్చువేసిన చిన్న కాగితమొకటి యుండును. ఒక్కొక్క చుట్టు ముగిసినప్పుడెల్ల ఒక్కొక్క యంకెను కలముతో కొట్టివేయుచు, దైవనామమును స్మరించుచు, ముందు నడచువారి మడమ త్రొక్కకుండ జాగ్రత్తపడుచు వారు సాగిపోవుచుందురు.

నూటయెనిమిది వఱకు లెక్కపెట్టజాలనివారు ఆ విద్యార్థులలో ఎవరును ఉండరు. చుట్టుపట్లనున్న ఇంజనీరింగు కళాశాలలలో ఉన్నతగణితము నభ్యసించుచున్నవారు సైతము ఆ కాగితమును చేతబట్టుటకు సిగ్గుపడరు. నడచుచు, నామము జపించుచు, జనసమ్మర్దమును తప్పించుకొనుచు నున్న మనస్సు తాను చేయుచున్నది నలువదియైదవ చుట్టో, నలువదియాఱవ చుట్టో తేల్చుకొనలేని స్థితికి వచ్చునని వారు ముందే యెఱుగుదురు. ఎఱిగి, జ్ఞాపకశక్తిమీద మోపదగని భారమును కాగితముమీద మోపుదురు. లెక్క తెలియుట ఒక జ్ఞానము; ఆ లెక్కను తన మనస్సు ఎట్టి పరిస్థితులలో నిలుపుకొనగలదో, ఎట్టి పరిస్థితులలో నిలుపుకొనజాలదో తెలియుట మఱియొక జ్ఞానము. ఈ రెండవ జ్ఞానమునే మనస్తత్వశాస్త్రజ్ఞులు అధిసంజ్ఞానమందురు. అమెరికా దేశీయుడైన జాన్ ఫ్లావెల్ 1970ల నడుమ దీనికి శాస్త్రపరిభాషలో స్థానము కల్పించి, 1979లో ప్రకటించిన వ్యాసమున దాని యంగములను వివరించెను. తన శక్తిని గూర్చిన యెఱుక, చేయవలసిన పనియొక్క స్వభావమును గూర్చిన యెఱుక, ఆ పనికి తగిన యుపాయమును గూర్చిన యెఱుక అని అవి ముఖ్యముగా మూడు.

అయితే, దేవాలయ ప్రాంగణమున ఇంత వివేకముతో మెలగిన యా విద్యార్థియే తన వసతిగృహమునకు మరలి వచ్చి, పాఠ్యపుస్తకములోని యొక ప్రకరణమును మూడుమార్లు చదివి, "ఇది నాకు వచ్చినది" అని తృప్తిపడి పుస్తకము మూసివేయునప్పుడు, ఆ తీర్పునకు ఆధారమేమని తన్ను తాను ప్రశ్నించుకొనడు. లెక్క విషయమున తన మనస్సును నమ్మనివాడు విద్య విషయమున దానినే న్యాయాధిపతిగా కూర్చుండబెట్టును. జీవితాంతము నేర్చుకొనదలచిన ప్రతివ్యక్తికిని తన బలము లెవ్వియో, బలహీనత లెవ్వియో తెలిసియుండుట అత్యావశ్యకము. కాని ఆ తెలివిడి కనులు మూసికొని లోనికి చూచుకొన్నంతమాత్రమున లభించునది కాదు, వెలుపల నొక పరీక్షకు నిలిపి చూచినప్పుడే లభించునది. ఈ వ్యాసమున చెప్పదలచిన విషయమంతయు నిదియే.

తెలియుట, తెలిసినట్లు తోచుట

మన ప్రాచీనులు ఈ చిక్కును గుర్తింపనివారు కారు. న్యాయదర్శనమునకు చెందిన నైయాయికులు "ఇది కుండ" యని కలుగు జ్ఞానమును వ్యవసాయమనియు, "కుండను నేనెఱుగుదును" అని దాని వెనువెంట కలుగు జ్ఞానమును అనువ్యవసాయమనియు వేఱుపఱచిరి. అంతటితో నిలువక, ఒక జ్ఞానము యథార్థమైనదని చెప్పుటకు ఆ జ్ఞానమే సాక్షి కాజాలదనియు, దూరమున నీరున్నట్లు తోచినచో దగ్గఱకు పోయి త్రాగి దప్పి తీర్చుకొన్నప్పుడే అది నీరని నిశ్చయమగుననియు వాదించిరి. మీమాంసకులు దీని నంగీకరింపక, జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమనిరి. శతాబ్దములు సాగిన యా వాదమున తుది తీర్పు చెప్పుట మన పని కాదు గాని, నేర్చుకొనువాడు తన చదువును తానే యంచనా వేసికొను విషయమున మాత్రము ఆధునిక ప్రయోగములు నైయాయికుల పక్షమునే బలపఱచినవి.

తెలిసినట్లు తోచుట వట్టి భ్రమయని త్రోసివేయుటకును వీలులేదు. 1965లో జె. టి. హార్ట్ అను పరిశోధకుడు, కొన్ని ప్రశ్నలకు సమాధానము జ్ఞప్తికి తెచ్చుకొనలేకపోయినవారిని, ఆ సమాధానమును కన్నులయెదుట పెట్టినచో గుర్తుపట్టగలరా యని యడిగి, వారి మాటను వ్రాసియుంచుకొని, తరువాత నిజముగనే కొన్ని సమాధానముల నెదుట పెట్టి పరీక్షించెను. గుర్తుపట్టగలమన్న చోట్ల వారు సరియైన సమాధానమును ఎక్కువగాను, గుర్తుపట్టలేమన్న చోట్ల తక్కువగాను ఎన్నుకొనిరి. నాలుక చివర నాడుచున్నదని మనము చెప్పు మాటలో కొంత సత్యము లేకపోలేదన్నమాట. కాని ఆ సత్యము ఎంతవఱకు నమ్మదగినది?

మనస్సునకు తన భాండాగారమును తెఱచి, అందులో నేమున్నదో తిన్నగా చూచెడి శక్తి లేదు. అది కొన్ని గుఱుతులనుబట్టి ఊహించును. వానిలో ప్రధానమైనది సౌలభ్యము. మొదటిమారు చదివినప్పుడు తడబడిన వాక్యము మూడవమారు చదివినప్పుడు జలజల సాగిపోవును. పేరులు పరిచితములుగా కనబడును. తరువాతి వాక్యము రాకముందే అది వచ్చునని తోచును. ఈ సాఫీతనమును మనస్సు విద్యగా గణించును. కాని పరీక్షాభవనమున పుస్తకము ఎదుట నుండదు. అచ్చట కావలసినది, చూచినదానిని గుర్తుపట్టు శక్తి కాదు, చూడనిదానిని లోపలినుండి వెలికి తీయు శక్తి. ఒకదానికి మెచ్చుకోలు పొంది మఱియొకదానికి సిద్ధమైతిమని భావించుటయే ఇందలి పొరపాటు.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమును మిక్కిలి సరళమైన ప్రయోగముతో నిరూపించిరి. విద్యార్థులకు చిన్న గద్యభాగముల నిచ్చి, ఒక వర్గముచేత వానిని నాలుగు పర్యాయములు చదివించిరి. మఱియొక వర్గముచేత ఒక్క పర్యాయము మాత్రమే చదివించి, తక్కిన మూడు పర్యాయములును పుస్తకము చూడకుండ జ్ఞాపకమున్నదంతయు వ్రాయించిరి. ఐదు నిమిషముల తరువాత పరీక్షింపగా, చదివిన వర్గమునకు నూటికి 83 పాళ్లు, వ్రాసిన వర్గమునకు 71 పాళ్లు జ్ఞాపకముండెను. ఒక వారము తరువాత పరీక్షింపగా ఫలితము తలక్రిందులయ్యెను. చదివిన వర్గమున 40 పాళ్లు, వ్రాసిన వర్గమున 61 పాళ్లు నిలిచెను. ఇంతకంటె విచారింపదగిన యంశ మింకొకటి కలదు. వారము గడచిన తరువాత ఎంత జ్ఞాపకముండునని ముందే యడిగినప్పుడు ఎక్కువ ధీమాగా సమాధానమిచ్చినది నాలుగు పర్యాయములు చదివిన వర్గమే. మఱచిపోవుటలో ముందున్నవారే, జ్ఞాపకముంచుకొందుమను నమ్మకమునందును ముందుండిరి.

మఱపు ఎంత వేగముగా వచ్చునో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885 నాటికే తనమీద తాను చేసికొన్న ప్రయోగములతో కొలిచి చూపెను. అర్థములేని అక్షరకూటములను కంఠస్థము చేసి, కొంత వ్యవధి తరువాత వానినే మరల నేర్చుకొనుటకు ఎంత శ్రమ తగ్గినదో ఆయన లెక్కించెను. గంట గడచునప్పటికి తొలిశ్రమలో సగమునకు పైగా వ్యర్థమైపోయెను. ఒక దినము తరువాత మిగిలినది మూడవవంతు. నెల దాటినపుడు ఐదవవంతు. చదువు ముగించిన క్షణమున మనకు కలుగు ధీమా, ఇంకను జాఱిపోని దానిని చూచి కలుగు ధీమా. అందుచేత ఆ క్షణమున చేసికొను ఆత్మపరిశీలన అన్నింటికంటె తక్కువ నమ్మదగినది.

కంఠస్థము చేయు చదువుకే ఈ భ్రమ పరిమితము కాదు. 2002లో యేల్ విశ్వవిద్యాలయమున లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కైల్ అనువారు కుట్టుమిషను, బట్టల జిప్పు, తాళపుకప్ప వంటి నిత్యపరిచితములైన వస్తువులు ఎట్లు పనిచేయునో తమకెంత తెలియునని జనులను అడిగిరి. అందఱును తమకు చాలవఱకు తెలియునని మంచి మార్కులే వేసికొనిరి. అటుపిమ్మట ఆ పనితీరును మెట్టుమెట్టుగా వివరించి వ్రాయుడని కోరి, మరల మార్కులు వేసికొనుడనగా, ఆ మార్కులు తగ్గిపోయెను. బోరుమోటారును దినదినము నడపు మనలో ఎందఱము స్టార్టరుపెట్టెలో నేమి జరుగునో పొరుగువానికి విడమఱచి చెప్పగలము? ఉపయోగించుట వేఱు, ఎఱుగుట వేఱు. ఈ రెండింటి నడుమనున్న దూరము వివరింపబూనినప్పుడుగాని కానరాదు.

పొలములో నడచెడి బడి

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములు హైదరాబాదు నగరమునకు కూరగాయలును పూవులును పంపెడి నేలలు. ఇచ్చటి క్యారెట్టు, బీట్‌రూటు, టమాట, ఆకుకూరలు మెహిదీపట్నము రైతుబజారు మొదలగు చోట్లకును, బంతి, చామంతి, గులాబి గుడిమల్కాపురము పూలమార్కెట్టునకును చేరుచుండును. ఇట్టి సేద్యము చేయు రైతు ప్రతి పంటకాలమందును విద్యార్థియే. విత్తనము మాఱును, తెగులు మాఱును, మందు మాఱును, వానయు మునుపటి తీరున కురియదు. బడి విడిచి ముప్పది నలువదియేండ్లు గడచినవారికి, పుస్తకము పట్టని వారికి, తమ తెలివిని తాము పరీక్షించుకొను మార్గమేదైన కలదా యను ప్రశ్నకు వ్యవసాయశాస్త్రము కనుగొన్న సమాధానమే పొలంబడి.

దీని పుట్టుక ఇండొనేషియాలో. అచ్చటి వరిపొలములను సుడిదోమ ధ్వంసము చేసినప్పుడు, పురుగుమందులు చల్లినకొలది దోమ తగ్గుటకు మాఱు పెరుగుటకు కారణమేమని శాస్త్రజ్ఞులు పరిశోధించి, ఆ మందులు దోమను తిని బ్రతికెడి సాలీళ్లను, తదితర మిత్రకీటకములను ముందుగా చంపుచున్నవని గ్రహించిరి. 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. కాని నిషేధముతో రైతు జ్ఞానవంతుడు కాడు గనుక, 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ తోడ్పాటుతో పొలములోనే బడులు నెలకొల్పిరి. ఆ పద్ధతి క్రమముగా అనేక దేశములకు వ్యాపించి, మన దేశమునకును వచ్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయశాఖవారిచే పొలంబడి యను పేర నడపబడెను.

ఇందు ఉపన్యాసము తక్కువ, పరిశీలన యెక్కువ. పాతిక ముప్పదిమంది రైతులు పంటకాలమంతయు వారమున కొకమారు ఒకే పొలమున కూడి, చిన్నచిన్న జట్లుగా చేలోనికి దిగి, ఎంచుకొన్న మొక్కల ఆకులను పైనను క్రిందను త్రిప్పి చూచి, గట్టుమీదికి వచ్చి పెద్ద కాగితముమీద నడుమ మొక్కయు, ఒకవైపున హానిచేయు పురుగులును, వేఱొకవైపున మిత్రపురుగులును ఉండునట్లు బొమ్మ గీయుదురు. ఆ బొమ్మను అందఱియెదుట నిలిపి, మందు కొట్టవలెనా, అక్కఱలేదా, ఏల యని వాదించి నిర్ణయించుకొందురు. వచ్చు వారము అదే పొలమునకు వచ్చి, గతవారపు తమ యంచనా నిలిచినదో, తప్పినదో తమ కన్నులతో చూచుకొందురు.

బడి యారంభమునను ముగింపునను జరుగు పరీక్ష యింకను విశేషమైనది. చేలో అక్కడక్కడ ఒక్కొక్క ప్రశ్నకు మూడేసి పెట్టెలు నిలుపుదురు. ప్రశ్న కాగితములో నుండదు. తెగులు పట్టిన ఆకు, మొక్కమీది పురుగు, దాని గ్రుడ్లు ఇవియే ప్రశ్నలు. రైతు చూచి, తనకు సరియని తోచిన సమాధానపు పెట్టెలో చీటి వేయును. చదువు రానివారును ఇందు వెనుకబడరు. మొదటి పరీక్షలోని పొరపాట్లు ఆ పంటకాలమున ఏమి నేర్చుకొనవలెనో చూపును; చివరి పరీక్ష ఏమి నేర్చుకొన్నామో చూపును.

ఒక్క యుదాహరణము చాలును. అక్షింతల పురుగును ఎఱుగని పల్లెవాసి యుండడు. గుండ్రని యెఱ్ఱని వీపుమీద నల్లని చుక్కలతో అది ముచ్చటగా నుండును. పేనుబంకను తిని పంటకు మేలుచేయును. కాని దాని పిల్లపురుగు తల్లిని ఏమాత్రమును పోలదు. పొడవుగా, నల్లగా, వీపున నారింజవన్నె మచ్చలతో, ఆఱుకాళ్లతో చుఱుకుగా పాకుచు, చూచువారికి భయమే కలిగించును. పేనుబంకను అదియును వందలకొలది తినును. కాని తెలియనివారు దానినే పంటను నాశనము చేయు పురుగని తలచి నలిపివేయుటయో, మందు కొట్టుటయో చేయుదురు. దానిని ఒక సీసాలో పేనుబంక పట్టిన ఆకుతోపాటు ఉంచి, మూతికి పలుచని బట్ట కట్టి, కొంతసేపు కాచుకొని చూచిన రైతుకు మఱి యే యుపన్యాసమును అక్కఱలేదు. అతనికి అంతవఱకు కొఱతపడినది సమాచారము మాత్రమే కాదు, సందేహము కూడ. సందేహము లేనిచోట ప్రశ్న పుట్టదు, ప్రశ్న లేనిచోట ఎంత తెలివియైనను ఉన్నచోటనే నిలిచిపోవును. మన బలహీనతలలో మనకు తెలిసినవి అంత ప్రమాదకరములు కావు. మనము బలములని నమ్ముచున్న బలహీనతలే ప్రమాదకరములు.

చోటు మాఱిన బలము

బలాబలములు మనిషికి శాశ్వతముగా అంటియుండునవి కావని, అవి పనితోను పరిస్థితితోను ముడిపడియుండునని కూడ ఇచ్చటి సేద్యమే తెలుపుచున్నది. మెట్టపంటలతో పెరిగిన రైతు పిడికెడు మట్టిని నలిపి చూచి తేమ నెఱుగగలడు. ఆకు వాడినచో నీరు కట్టవలెనని తడుముకొనకుండ చెప్పగలడు. అది యేండ్లతరబడి కష్టించి గడించిన విద్య. అతడే పాలీహౌసు కట్టి జెర్బెరా పూలు సాగుచేయబూనినచో, ఎరువు నీటిలో కరగి బొట్లుబొట్లుగా వేళ్లకు చేరును, గాలియు నెండయు కప్పుక్రింద మఱొక తీరున నుండును. అచ్చట ఆకు వాడుట నీరు చాలకపోవుటవలన కావచ్చును. నీరెక్కువై వేరు కుళ్లుటవలనను కావచ్చును. రెండవది కారణమైనప్పుడు పాత యలవాటు చొప్పున నీరు కట్టినచో మొక్క చచ్చును. కనబడు గుఱుతు ఒక్కటే, చేయవలసిన పని మాత్రము విపరీతము. నేర్పు సరిహద్దు దగ్గఱ ఆగిపోయినను, ఆ నేర్పు కలిగించిన ధీమా మాత్రము సరిహద్దు దాటి మనతోకూడ వచ్చును. ఉద్యోగము మాఱినవారు, క్రొత్త యంత్రము కొన్నవారు, పరదేశమునకు పోయినవారు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, "నాకు వచ్చిన విద్యలో ఇచ్చట చెల్లునది ఎంత?" యనునది.

దీనికి ప్రతిగా, తనకు గల బలము తనకే తెలియకపోవుటయు కలదు. 1985లో బ్రెజిలు దేశపు రెసిఫీ నగరమున వీధులలో కొబ్బరికాయలు మొదలగునవి అమ్ముకొను పిల్లల లెక్కలను పరిశోధకులు పరీక్షించిరి. బేరము మధ్య నోటిలెక్కగా అడిగినప్పుడు ఆ పిల్లలు నూటికి 98 లెక్కలు సరిగా చెప్పిరి; అవే లెక్కలను బడిలోవలె కాగితముమీద అంకెలుగా వేసి యిచ్చినప్పుడు సరియైనవి నూటికి 37 మాత్రమే. కాగితపు పరీక్షనే నమ్మినవారు వారిని మందబుద్ధులనియే యెంతురు. పిల్లలును తమ్ము అట్లే యెంచుకొందురు. మన రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను పొలములలోను ఇండ్లలోను పనిచేయు పిల్లలను పనినుండి తప్పించి, వారధి తరగతులలో కొంతకాలము తయారుచేసి, వయస్సునకు తగిన తరగతులలో చేర్పించుచు వచ్చినది. వయస్సు మీఱిన తరువాత చదువు రాదను సామాన్యవిశ్వాసమును ఆ పిల్లలే తప్పని నిరూపించిరి. ఆ సంస్థ కార్యదర్శిగా పనిచేసిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె పురస్కారము లభించినది. "నాకు చదువబ్బదు" అను మాట ఎన్నడును పరీక్షకు నిలువని యంచనా కావచ్చునని ఇట్టి యుదంతములు మనకు బోధించుచున్నవి.

ఆత్మప్రశంస, ఆత్మన్యూనత

1999లో కోర్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనువారు ప్రకటించిన పరిశోధనము లోకప్రసిద్ధము. తర్కము, వ్యాకరణము మొదలగు పరీక్షలలో అట్టడుగు నాలుగవవంతున నిలిచినవారు, నూఱుమందిని క్రిందినుండి వరుసగా నిలిపినచో సగటున పండ్రెండవ స్థానమున నుండదగినవారై, తాము అఱువదిరెండవ స్థానమున నుందుమని భావించిరి. పైవరుసలోనివారు తమ స్థానమును కొంత తక్కువగా నెంచుకొనిరి. సరియైన వాక్యమును వ్రాయుటకు ఏ జ్ఞానము కావలెనో, తాను వ్రాసినది తప్పని గుర్తించుటకును ఆ జ్ఞానమే కావలెను గనుక, కొఱత యున్నచోట కొఱతను చూచెడి కన్నును కొఱవడునని వారు వ్యాఖ్యానించిరి. ఈ ఫలితములో కొంతభాగము లెక్కకట్టు పద్ధతివలననే కలుగునని సంఖ్యాశాస్త్రజ్ఞులు తరువాత విమర్శించిరి. ఆ విమర్శ గణింపదగినదే. కాబట్టి దీనిని ఇతరులను అజ్ఞులని యెత్తిపొడుచుటకు వాడుకొనరాదు. మనకు మిక్కిలి తక్కువ పరిచయమున్న విషయమున మన తీర్పునకు బయటి సాక్ష్యము మఱింత అవసరమని మాత్రము గ్రహించిన చాలును.

ఇట్టిదే మఱియొక విశ్వాసము, "నేను చూచి నేర్చుకొనువాడను, నీవు విని నేర్చుకొనువాడవు" అను వర్గీకరణము. ఉపాధ్యాయశిక్షణలలో సైతము ఇది ప్రచారము పొందినది. 2008లో హెరాల్డ్ పాష్లర్ మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు అంతవఱకు వచ్చిన పరిశోధనములను తఱచి చూచి, విద్యార్థికి ఇష్టమైన మార్గమున బోధించినచో అతడు ఎక్కువ నేర్చుకొనునని నిరూపించు తగిన సాక్ష్యము లేదని తేల్చిరి. ఇష్టము ఒకటి, సామర్థ్యము వేఱొకటి. పటమును చూచి నేర్వవలసిన భూగోళమును ఎవరైనను చూచియే నేర్వవలెను. రాగమును వినియే నేర్వవలెను. ఇష్టమును బలమని భ్రమించినవారు, కష్టమైనను మేలుచేయు మార్గమును చేజేతుల మూసివేసికొందురు.

వయస్సు మీఱుట

జీవితాంతము నేర్వదలచినవారిని వేధించు పెద్ద సందేహము వయస్సును గూర్చినది. రేమండ్ కాటెల్, జాన్ హార్న్ అను మనస్తత్వవేత్తలు బుద్ధిని రెండు విధములుగా విభజించిరి. క్రొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పు చుఱుకుదనము ఒకటి. ఏండ్లతరబడి కూడబెట్టిన పదసంపద, లోకజ్ఞానము, వివేచన రెండవది. మొదటిది యౌవనమున శిఖరము నందుకొని క్రమముగా తగ్గును; రెండవది నడివయస్సు దాటినను పెరుగుచునే యుండును. వార్నర్ షాయ్ 1956లో అమెరికాలోని సియాటిల్ నగరమున ఆరంభించి, ఏడేసి యేండ్ల కొకమారు అదే మనుష్యులను మరల మరల పరీక్షించుచు దశాబ్దములు సాగించిన పరిశీలనలో, చాలమందికి అఱువదియేండ్ల ప్రాంతము వచ్చువఱకు బుద్ధిబలములో చెప్పుకోదగిన క్షీణత కానరాలేదు. 2008లో జర్మనీ పరిశోధకులు అఱువదియేండ్ల ప్రాయపువారికి మూడు బంతులను ఎగురవేయు విద్యను మూడునెలలు నేర్పి, వారి మెదడులో కొన్ని చోట్ల బూడిదపదార్థము పెరుగుటను గమనించిరి. సాధన మానినపిమ్మట ఆ పెరుగుదల తగ్గెను.

కాబట్టి పెద్దవయస్సున నేర్చుకొనువారు తమ బలహీనతను వేగమునందును, తమ బలమును పూర్వజ్ఞానమునందును వెదకుకొనవలెను. ఎక్కువ వ్యవధి తీసికొనుట అపజయము కాదు. 1982లో ప్రొఫెసరు జి. రామిరెడ్డి ఉపకులపతిగా ఆరంభమై, నేడు డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ పేరుతో హైదరాబాదున వెలయుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము, దేశములో ఆ కోవకు మొదటిది. అది ఉద్యోగులకును, గృహిణులకును, బడిచదువు నడుమ నాగినవారికిని పట్టపరీక్షల ద్వారము తెఱచినది. తరగతిలో ప్రతిదినమును ప్రశ్నించు గురువు లేని యట్టి చదువులో, తన్ను తాను ప్రశ్నించుకొను నేర్పే గురువు స్థానమును వహింపవలసియుండును.

కొలుచుకొను పద్ధతి

ఈ నేర్పు జన్మతః వచ్చునదియు, కొందఱికే దక్కునదియు కాదు. 2010లో లండనునందు స్టీఫెన్ ఫ్లెమింగ్ మొదలగువారు, తమ నిర్ణయము సరియో కాదో తాము పసిగట్టగల శక్తి మనిషికీ మనిషికీ భేదించుననియు, ఆ భేదమునకును మెదడు ముందుభాగపు నిర్మాణమునకును సంబంధము కలదనియు చూపిరి. ఐనను సాధనకును ఇందు చోటు కలదనుటకు అమెరికాలోని వాతావరణ సూచకులు ప్రబలనిదర్శనము. వారు "నూటికి ముప్పదిపాళ్లు వాన రావచ్చును" అన్న దినముల నన్నింటిని కూడి చూడగా, ఇంచుమించు ముప్పదిపాళ్ల దినములలోనే వాన కురిసినట్లు 1970లలో జరిగిన పరిశీలనలు తెలిపినవి. దీనికి కారణము స్పష్టమే. వారు తమ యంచనాను అంకెలలో వ్రాసిపెట్టుదురు. మఱునాడే ఆకాశము సమాధానమిచ్చును. తప్పినచో దాచుకొనుటకు వీలులేదు. కూరగాయల మార్కెట్టులోని త్రాసునకు తూనికలు కొలతల శాఖవారు నిర్ణీతకాలమున కొకమారు పరీక్షించి ముద్ర వేసినట్లే, మన తీర్పులకును అప్పుడప్పుడు ముద్ర పడుచుండవలెను.

ఇందులకు నాలుగు నియమములు చాలునని చెప్పవచ్చును. మొదటిది, చదువు ముగిసిన వెంటనే తీర్పు చెప్పుకొనక, కొంత వ్యవధి యిచ్చి, పుస్తకము మూసి, జ్ఞాపకమున్నది వ్రాసి చూచుకొనుట. కొంత ఆలస్యముగా చేసికొన్న అంచనా వెంటనే చేసికొన్న యంచనాకంటె మిక్కిలి సరిగా నుండునని 1991లో థామస్ నెల్సన్, జాన్ డన్లోస్కీ అనువారు నిరూపించిరి. రెండవది, పరీక్షకో పనికో దిగకముందే తనకు వచ్చు ఫలితమును అంకెగా వ్రాసి, తరువాత సరిచూచుకొనుట. మూడవది, నేర్చినదానిని ఎఱుగనివారికి మెట్టుమెట్టుగా వివరించుట. తడబడిన చోటే కొఱత యున్న చోటు. నాలుగవది, మనలను బాగుగా నెఱిగినవారి నడుగుట. మన భయములును ఆందోళనలును మనకే బాగుగా తెలియును గాని, మన బుద్ధికుశలతను మనకంటె మన మిత్రులే సరిగా అంచనా వేయగలరని సిమిన్ వజీర్ 2010లో ప్రకటించిన పరిశోధనము సూచించుచున్నది.

చేవెళ్ల, మొయినాబాదు మండలములలోని ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే. రానున్న పరీక్షనాడు ప్రశ్నపత్రము పంచుటకు ముందు, ప్రతి విద్యార్థిచేతను తనకు ఎన్ని మార్కులు వచ్చునో, ఏ పాఠమున తాను తడబడునో ఒక చీటిమీద వ్రాయించుడు. జవాబుపత్రములు తిరిగి యిచ్చునాడు ఆ చీటిని కూడ తిరిగి యిండు. మార్కులు తక్కువైనందుకు కాక, అంచనా ఎందుకు తప్పినదను దానిని గూర్చి మాటలాడుడు. దీనికి ధనవ్యయము లేదు, ఏ పైయధికారి యుత్తరువును అక్కఱలేదు. బడి దాటిన పాఠకులు ఈ పనిని తమ సేద్యమునందో, ఉద్యోగమునందో, క్రొత్తగా నేర్చుకొనుచున్న భాషయందో ఒక్క నెల చేసి చూతురు గాక. ఎంత తెలిసినను తెలియవలసినది మిగిలియే యుండు ఈ లోకములో, మిగిలినది ఎచ్చట నున్నదో చూపగల విద్యయే తక్కిన విద్యలన్నింటికిని మొదలు.